ఇరవై సెకన్ల దరువు!

మా మావయ్య నన్నొక ప్రశ్న అడిగాడు. ముచ్చటగా నాలుగే మాటలు. దానికి సూటిగా జవాబు చెప్పలేక ఇప్పటికీ నీళ్ళు నములుతున్నాను.

ఆ ప్రశ్న ఏమిటో తర్వాత చెబుతాను. ముందు మావయ్యను పరిచయం చెయ్యాలి. పశ్చిమ గోదావరి జిల్లాలో పాతికేళ్ళకు పైగా ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయించిన మనిషి ఆయన. శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి స్టేజీలు, పెళ్ళిళ్ళు... తెల్లవారుఝామున మూడింటికి జనం "వన్స్ మోర్" అన్నా విసుక్కోని చెయ్యి ఆయనది. కుర్రతనంలో మద్రాసు వెళ్ళి కొన్నాళ్ళు సినిమా రికార్డింగుల్లో వెనక వరసలో కూర్చున్నాడు. కాల్‌షీట్ లెక్కన డబ్బు కవర్లో పెట్టి ఇచ్చేవారట. ఆ పాటల్లో ఒకటి ఇప్పటికీ టీవీలో వస్తూ వుంటుంది. వచ్చినప్పుడల్లా రెండో చరణానికి ముందు వచ్చే బిట్ దగ్గర ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. "ఇది నేనే వాయించాను" అని మాత్రం అనడు. అత్తయ్య అంటుంది.

ఇక నా సంగతి. ఇంట్లో అందరూ ఘంటసాల, బాలు అంటుంటే నాకు హిప్ హాప్ పిచ్చి. విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ రూమ్మేటు ఒకడు తన ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి నా చెవిలో పెట్టి, "మాటలు పట్టించుకోకు, కింద ఏం జరుగుతోందో విను" అన్నాడు. విన్నాను. కింద డ్రమ్స్ గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆ డ్రమ్స్ వెనక పాత రికార్డు గరగరలు. ఎక్కడినుంచో తప్పిపోయి వచ్చినట్టు ఒక సాక్సోఫోన్ ముక్క. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి!

"హిప్ హాప్ అంటే గబగబా తిట్టుకోవడమే కదండీ!" అనేవాళ్ళు మనలో చాలామందే వున్నారు. 'ప్రేమికుడు' (1994)లో రహమాన్ కట్టిన ర్యాప్ పాట దగ్గరే ఆగిపోయినవాళ్ళూ వున్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. నేను చెప్పబోయేది పైన పలికే మాటల గురించి కాదు, కింద తిరిగే ఆ చక్రం గురించి. దాని పేరే శాంప్లింగ్.

కాపీ కాదా మరి?

సినిమా పాటలు వినేవాళ్ళకు 'కాపీ ట్యూను' గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్కడో విన్న బాణీని మన వాద్యబృందంతో, మన గాయకులతో మళ్ళీ పాడిస్తారు. బాణీ వాళ్ళది, వాయింపు మనది. శాంప్లింగ్ అలా కాదు. పాత రికార్డులో వినిపించిన ఆ శబ్దాన్నే కత్తిరించి తీసుకుంటారు. ఆ రోజు, ఆ గదిలో, ఆ మనిషి చేతి కర్ర డ్రమ్ము మీద పడిన చప్పుడు యథాతథంగా కొత్త పాటలోకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతారు, వేగం తగ్గిస్తారు, మరో రికార్డులోంచి తెచ్చిన బేస్ గిటార్ కింద పేరుస్తారు, పదేపదే తిప్పుతారు. అమ్మమ్మ పట్టుచీర అంచు కత్తిరించి మనవరాలి పరికిణీకి వేస్తే ఎలా వుంటుందో అలా వుంటుంది. అంచు పాతదే. పరికిణీ మాత్రం అమ్మమ్మ ఎప్పుడూ కట్టనిది.

ఇదంతా ఎక్కడ మొదలైందంటారా? న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేట. 1973 ఆగస్టు 11. సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు భవనం. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని ఆ భవనంలోని హాల్లో ఒక పార్టీ పెట్టింది. అమ్మాయిలకు పావు డాలరు, అబ్బాయిలకు అర డాలరు టిక్కెట్టు. రికార్డులు వెయ్యడానికి అన్నయ్య క్లైవ్‌ను కూర్చోబెట్టింది. జమైకా నుంచి వచ్చిన ఆ కుర్రాడికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. లోకానికి అతను డీజే కూల్ హెర్క్.

హెర్క్ కనిపెట్టిన కిటుకు వింటే 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. పాటలో గాయకుడూ, బాకాలూ అన్నీ ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మిగిలే చోటొకటి వుంటుంది. దాన్ని బ్రేక్ అంటారు. జనం ఒంటి మీద స్పృహ లేకుండా ఆడేది ఆ కొన్ని సెకన్లలోనే అని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు కొని, రెండు టర్న్‌టేబుల్స్ మీద పెట్టాడు. ఇక్కడ బ్రేక్ అయిపోగానే అక్కడ మొదలు, అక్కడ అయిపోగానే ఇక్కడ ముల్లు మళ్ళీ వెనక్కి. పది సెకన్ల ముక్క పది నిమిషాలైంది! దీనికి అతను 'మెర్రీ గో రౌండ్' అని పేరు పెట్టాడు. మన తిరునాళ్ళ రంగులరాట్నమే అనుకోండి. పోటీ డీజేలకు ఆ రికార్డుల పేర్లు తెలియకూడదని వాటి లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి ఊడదీసేవాడు. (ఈ లేబుల్ సంగతి కాస్త గుర్తుంచుకోండి.)

ఆ పార్టీల్లో మోగిన రికార్డుల్లో ఒకటి 'అపాచీ'. వాయించింది ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్. ఈ బ్యాండు పుట్టిందే ఒక సినిమా కోసం! 'ది థింగ్ విత్ టూ హెడ్స్' (1972) అనే చవకబారు భయానక చిత్రానికి సంగీతం కావలసి వస్తే స్టూడియో వాద్యకారులను పోగేసి తయారుచేసిన బృందమది. సినిమా పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు. 'అపాచీ'లో కింగ్ ఎరిసన్ వాయించిన బాంగో దరువును మాత్రం హిప్ హాప్ జాతీయగీతం అంటారు.

పది సెకన్ల పెట్టె

హెర్క్ చేతులతో చేసిన పనిని తర్వాత యంత్రాలు చెయ్యసాగాయి. మధ్యలో ఎన్నో జరిగాయి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద రంగు పెన్సిలుతో గీతలు పెట్టి బ్రేక్ ఎక్కడ మొదలయ్యేదీ గుర్తుపట్టేవాడు. 1979లో 'ర్యాపర్స్ డిలైట్' అనే రికార్డు అమెరికా అంతా మోగింది. అందులోని బేస్ గిటార్ వరస షిక్ బృందం వారి 'గుడ్ టైమ్స్' పాటది. స్టూడియో బృందం దాన్ని మళ్ళీ వాయించింది. షిక్ వాళ్ళు ఊరుకోలేదు. నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పేర్లు రచయితలుగా చేర్చేదాకా వదల్లేదు.

కాని అసలు విప్లవం ఒక పెట్టెతో వచ్చింది. 1987లో ఇమ్యూ కంపెనీ విడుదల చేసిన ఎస్‌పీ-1200. ఏ శబ్దాన్నైనా అందులోకి ఎక్కించుకుని, మీటలు నొక్కి వాయించవచ్చు. కాని దాని జ్ఞాపకశక్తి మొత్తం కలిపితే పది సెకన్లు! ఇవాళ మీ జేబులో వున్న ఫోనుతో పోలిస్తే నవ్వొస్తుంది కదూ? ఆ కుర్రాళ్ళు చేసిన పని చూడండి. 33 వేగంతో తిప్పవలసిన ఎల్పీని 45 వేగంతో తిప్పి, కీచుగా, పొట్టిగా అయిన శబ్దాన్ని పెట్టెలోకి ఎక్కించేవారు. ఎక్కాక పెట్టెలోనే మళ్ళీ వేగం తగ్గించేవారు. అలా కొన్ని సెకన్లు మిగిల్చుకునేవారు. తగ్గించినప్పుడు శబ్దం కాస్త బొంగురుపోయి, ఇసుక కలిసినట్టయ్యేది. ఆ లోపమే అందమైపోయింది. ఇప్పుడు లక్షల రూపాయల కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్ళు కూడా ఆ ఇసుక కోసం తంటాలు పడుతున్నారు.

ఆ పెట్టెతో తయారైన పాటల్లో నన్ను కదిలించినది ఒకటుంది. 1990లో ట్రాయ్ డిక్సన్ అనే యువ నర్తకుడు ఒక ప్రదర్శన తర్వాత ప్రమాదవశాత్తూ పడి చనిపోయాడు. అతని స్నేహితుడు పీట్ రాక్ దుఃఖంలో వున్నాడు. పాత రికార్డులు తిరగేస్తుంటే టామ్ స్కాట్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడి 1967 నాటి రికార్డు చేతికి తగిలింది. అందులో 'టుడే' అనే పాట. అది కూడా ఆయన సొంతం కాదు, జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే బృందం పాటకు ఆయన చేసిన మరో రూపం. అందులోని బేస్ వరస, కొన్ని క్షణాల సాక్సోఫోన్ విని పీట్ రాక్ ఏడ్చేశాడట. ఇంటర్వ్యూలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ ముక్కల మీద సీ.ఎల్. స్మూత్ తన కుటుంబం గురించీ, పోయిన స్నేహితుడి గురించీ చెప్పుకున్నాడు. 1992లో వచ్చిన ఆ పాట పేరు కుదించి రాస్తే 'టి.ఆర్.ఓ.వై.' అవుతుంది. అంటే ట్రాయ్!

టామ్ స్కాట్ ఆ సాక్సోఫోన్ ఊదినప్పుడు ఏ చావునూ తలుచుకుని వుండడు. పాతికేళ్ళ తర్వాత ఎక్కడో ఒక కుర్రాడికి ఆ నాలుగు స్వరాల్లో తన స్నేహితుడు వినిపించాడు. హాస్టల్లో నా చెవిలో పడిన సాక్సోఫోన్ ముక్క ఇదే. దీన్ని దొంగతనం అనమంటే నాకు నోరు రాదు. ఇంత శ్రద్ధగా పాత పాటలు వినేవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పండి?

సరే, ఇప్పుడు మావయ్య దగ్గరికి వద్దాం.

నాలుగు మాటలు

ఓ వేసవి సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను 'ఫైట్ ది పవర్' వింటున్నాను. స్పైక్ లీ తీసిన 'డూ ది రైట్ థింగ్' (1989) చిత్రం కోసం పబ్లిక్ ఎనిమీ బృందం చేసిన పాట. సినిమా చూసినవాళ్ళు మర్చిపోలేరు. టైటిల్స్‌లో రోజీ పెరెజ్ బాక్సింగ్ తొడుగులు వేసుకుని ఊగిపోతూ ఆడేది ఈ పాటకే. రేడియో రహీమ్ అనే భారీ మనిషి పెద్ద టేప్ రికార్డరు మోసుకుని వీధి వీధి తిరుగుతూ మోగించేదీ ఇదే. ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత రికార్డుల ముక్కలతో కట్టిన కోట లాంటి పాట.

మావయ్య నీళ్ళకుండ దగ్గరికి వెళుతున్నవాడల్లా ఆగాడు. "ఏరా, ఆ గోల కింద డ్రమ్ము ఎవరిది?"

నా ఆనందం చూడాలి! ఆ గోలలోంచి దాన్ని పట్టుకున్నాడంటే మాటలా? అసలు పాట పెట్టి వినిపించాను. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'. 1969 నవంబరు 20న సిన్సినాటిలో రికార్డు చేసి, 1970లో విడుదల చేశారు. నిజం చెప్పాలంటే ఆయన గొప్ప పాటల సరసన నిలబడేది కాదు. ఏదో సాగుతూ వుంటుంది. అయిదున్నర నిమిషాలు దాటాక బ్రౌన్ మిగతా వాద్యాలన్నిటినీ ఆపి, డ్రమ్మరును ఒక్కణ్ణీ వదిలేస్తాడు. ఎనిమిది బార్లు. సుమారు ఇరవై సెకన్లు.

ఆ ఇరవై సెకన్లు వాయించినవాడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్.

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు అరుగు మీద, ఎడమ అరచెయ్యి తొడ మీద. "మళ్ళీ పెట్టు" అన్నాడు. పెట్టాను. "మళ్ళీ." అయిదారుసార్లయ్యాక అన్నాడు: "పెద్ద దెబ్బలు ఎవడైనా కొడతాడ్రా. ఈ పెద్ద దెబ్బల మధ్యలో స్నేర్ మీద కర్ర అలా అలా తాకించి వదులుతున్నాడు చూడు... వినపడీ వినపడనట్టు. అదీ పనితనం. చీమలు పాకినట్టు లేదూ?" పాశ్చాత్య డ్రమ్మర్లు వాటిని 'ఘోస్ట్ నోట్స్', అంటే దెయ్యపు దెబ్బలు అంటారు. మావయ్య చీమలే నాకు నచ్చాయి.

ఇక నేను రెచ్చిపోయాను. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో పుట్టాడనీ, ఎవరి దగ్గరా నేర్చుకోలేదనీ, ఊళ్ళో ఫ్యాక్టరీల చప్పుళ్ళూ, రైళ్ళ చప్పుళ్ళూ వింటూ వాయించడం మొదలుపెట్టాడనీ చెప్పాను. ఈ ఇరవై సెకన్లను వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారని చెప్పాను. ఎల్ఎల్ కూల్ జే వాడాడు, జార్జ్ మైకేల్ వాడాడు, ఐర్లండ్ గాయని షినేడ్ ఓ'కానర్ ఒక పాత జానపద గీతం కింద వాడింది. లోకంలో ఎక్కువమంది విన్న డ్రమ్మరు ఈయనేనేమో మావయ్యా అన్నాను.

మావయ్య కళ్ళు తెరిచాడు.

"మరి వాడికెంత ఇచ్చార్రా?"

ఇదీ ఆ ప్రశ్న.

ఎంత ఇచ్చారంటే...

ఏమీ ఇవ్వలేదు. అంతే! చట్టం దృష్టిలో ఒక పాటకు రెండు ఆస్తులుంటాయి. ఒకటి రచన, అంటే బాణీ, మాటలు. రెండోది రికార్డు చేసిన శబ్దం. 'ఫంకీ డ్రమ్మర్' రచయితగా రికార్డు మీద వున్న పేరు జేమ్స్ బ్రౌన్‌ది. శబ్దం కంపెనీది. దరువు సృష్టించినవాడు జీతానికి వాయించిన ఉద్యోగి. శాంప్లింగ్ మీద డబ్బు వచ్చినప్పుడు కూడా అతని చేతికి హక్కుగా చిల్లిగవ్వ రాలేదు. హెర్క్ లేబుల్ నానబెట్టి ఊడదీశాడని చెప్పాను కదా. కానీ ఊడదియ్యకముందు కూడా ఆ లేబుల్ మీద క్లైడ్ పేరు లేదు.

క్లైడ్ గారు విస్కాన్సిన్‌లోని మాడిసన్ పట్టణంలో స్థిరపడి, అక్కడి క్లబ్బుల్లో వాయిస్తూ బతికాడు. మూత్రపిండాల జబ్బు, క్యాన్సర్ ఆయన్ను చాలా బాధపెట్టాయి. సుమారు 90 వేల డాలర్ల ఆస్పత్రి బిల్లును ప్రిన్స్ ఎవరికీ చెప్పకుండా కట్టాడన్న సంగతి 2016లో ప్రిన్స్ పోయాకగాని బయటికి రాలేదు. 2017 ఫిబ్రవరి 18న, 73వ ఏట క్లైడ్ కన్నుమూశాడు. డబ్బు మాట అలా వుంచి, కనీసం పేరు వేస్తే చాలునని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఇంతకంటే ఘోరం గ్రెగరీ కోల్‌మన్ కథ. 1969లో విన్‌స్టన్స్ అనే బృందం 'కలర్ హిమ్ ఫాదర్' అనే పాట రికార్డు చేసింది. గ్రామీ కూడా వచ్చింది. రికార్డు రెండోవైపు నింపడానికి 'ఆమెన్, బ్రదర్' అనే ఒక వాద్యం ముక్క వేశారు. అందులో కోల్‌మన్ వాయించిన నాలుగు బార్లు, ఆరేడు సెకన్లు. ఎన్‌డబ్ల్యూఏ వారి 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' (1988) నడిచేది దాని మీద. ఇంగ్లండులో 'జంగిల్' అనే సంగీతశాఖ మొత్తం ఆ ఆరేడు సెకన్లను ముక్కలు ముక్కలు చేసి కట్టినదే. కోల్‌మన్ 2006లో చనిపోయాడు, తలదాచుకోను ఇల్లు కూడా లేకుండా. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఈ వాడకం సంగతి 1996 దాకా తెలియనే తెలియదు. 2015లో ఇంగ్లండు డీజేలు చందాలు పోగుచేసి 24 వేల పౌండ్లు ఆయనకు అందజేశారు. మంచి పనే. కానీ కోల్‌మన్ అప్పటికి లేడుగా!

"చట్టం గట్టిగా వుంటే సరిపోయేది కదా" అనుకుంటాం. చట్టం వచ్చింది లెండి. వచ్చి ఏం చేసిందో చూడండి. 1991 డిసెంబరు. బిజ్ మార్కీ అనే సరదా ర్యాపర్ గిల్బర్ట్ ఓ'సల్లివన్ 1972 నాటి పాటలోని పియానో ముక్కను అనుమతి లేకుండా వాడాడు. న్యూయార్క్ కోర్టులో న్యాయమూర్తి తీర్పును మొదలుపెట్టింది బైబిల్ ఆజ్ఞతో: దొంగిలించవద్దు! అక్కడితో ఆగక, క్రిమినల్ కేసు పెట్టే సంగతి పరిశీలించమని కూడా సిఫారసు చేశారు. రికార్డు బజారు నుంచి వెనక్కి వెళ్ళింది. ఆ మరుసటి ఆల్బమ్‌కు (1993) బిజ్ మార్కీ పెట్టిన పేరు 'ఆల్ శాంపుల్స్ క్లియర్డ్!' అన్నిటికీ అనుమతులున్నాయి బాబూ అని అట్ట మీదే చెప్పేశాడన్నమాట.

2005లో మరో తీర్పు. 'ఐ గాట్ ది హుకప్' (1998) అనే సినిమాలో వాడిన పాటలో రెండు సెకన్ల గిటార్ వుంది. ఫంకడెలిక్ వారిది. స్థాయి తగ్గించి, తిప్పి తిప్పి వేశారు. రెండు సెకన్లయినా సరే లైసెన్సు తీసుకోండి, లేదా ముట్టుకోకండి అంది కోర్టు. 2016లో మరో కోర్టు దీనికి విరుద్ధంగా చెప్పింది లెండి. ఏమైతేనేం, పబ్లిక్ ఎనిమీలాగా పాటకు పదుల ముక్కలు పేర్చడం ఇక డబ్బున్నవాళ్ళకే సాధ్యమైంది. డి లా సోల్ బృందం 1989లో చేసిన మొదటి ఆల్బమ్, నన్నడిగితే హిప్ హాప్‌లో అంత చిలిపి ఆల్బమ్ మరొకటి లేదు, అనుమతుల చిక్కుల్లో పడి 2023 మార్చి దాకా ఆన్‌లైన్ సంగీత వేదికల మీదికి రాలేకపోయింది. ఆ ముగ్గురిలో ఒకరైన డేవ్ (ట్రుగోయ్) ఆ రోజు చూడకుండానే, మూడు వారాల ముందు కన్నుమూశాడు.

మరి ఈ కోర్టులూ లైసెన్సులూ క్లైడ్‌కు ఏం చేశాయి? ఏమీ లేదు. వసూలైన డబ్బు హక్కుదారులకు వెళ్ళింది. డ్రమ్మరు హక్కుదారు కాడు. అభిమానిగా నాకు మింగుడుపడని సంగతి ఇదే. దొంగతనం అన్నవాళ్ళు క్లైడ్ తరఫున అనలేదు. కళ అన్నవాళ్ళు కూడా చాలామంది క్లైడ్‌ను తలుచుకోలేదు. నేనూ పదేళ్ళు ఆ దరువు విని, వాయించినవాడి పేరు తెలుసుకున్నది ఎప్పుడో తర్వాత. రూమ్మేటు ఇయర్‌ఫోన్ పెట్టుకుని 'కింద ఏం జరుగుతోందో' విన్నాను గాని, కింద ఎవరున్నారని అడిగానా?

మన పాటలూ ఎక్కాయి

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారేమో. ఈ పెట్టెలోకి మన సినిమా పాటలూ ఎక్కాయండీ! 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని 'అడిక్టివ్' పాట అమెరికాలో మొదటి పదిలోకి వెళ్ళింది. అందులో తిరిగే కంఠం సాక్షాత్తూ లతా మంగేష్కర్‌ది. జితేంద్ర నటించిన 'జ్యోతి' (1981)లో బప్పీ లహిరి స్వరపరచిన పాట. నిర్మాత డీజే క్విక్ టీవీలో హిందీ సినిమా వస్తుంటే విని తీసుకున్నాడు. పేరూ వెయ్యలేదు, అనుమతీ లేదు. బప్పీ లహిరి పక్షం కోర్టుకు వెళితే, ఆయన పేరు వేసేదాకా అమ్మకాలు ఆపమని 2003లో లాస్ ఏంజెలిస్‌లో న్యాయమూర్తి ఆదేశించారు. 2005లో బ్లాక్ ఐడ్ పీస్ బృందం 'అపరాధ్' (1972), 'డాన్' (1978) చిత్రాల కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ పాటలు కలిపి చేసిన పాటకు గ్రామీ వచ్చింది. అక్కడ పేర్లు వేశారు.

మనకు మరీ దగ్గరిది ఎం.ఐ.ఏ. లండన్‌లో పుట్టిన శ్రీలంక తమిళ అమ్మాయి. 2007లో వచ్చిన ఆమె 'కలా' ఆల్బమ్ మొదటి పాటలోనే ఇళయరాజా వినిపిస్తాడు. 'దళపతి' (1991)లో రజనీకాంత్, మమ్ముట్టి కలిసి చిందులేసే పండగ పాట. అదే ఆల్బమ్‌లో 'బర్డ్ ఫ్లూ' అనే పాట వుంది. దాని రచయితల జాబితాలో కనిపించే పేరు చూసి నేను ఎగిరి గంతేశాను. ఆర్.పి. పట్నాయక్! మన తేజ 'జయం' (2002) సంగీత దర్శకుడే. ఆ సినిమా తమిళంలో తీసినప్పుడు (2003) ఆయన చేసిన తిరునాళ్ళ పాటలోంచి తీసిన ముక్క అది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ రెండూ మావయ్యకు వినిపించాను. 'దళపతి' ముక్క రెండు సెకన్లు పడిందో లేదో, "ఇది మన రాజా గారిది కదరా!" అని కుర్చీలో ముందుకు వంగాడు. ముఖం వెలిగిపోయింది. లండన్ అమ్మాయి పాటలో మన బాణీ ఏమిటని అత్తయ్యను కూడా పిలిచి వినిపించాడు. రెండోది పెట్టాను. డప్పులు దద్దరిల్లిపోయాయి.

"చూడు మావయ్యా, ఇక్కడ పేరు కూడా వేశారు" అని ఫోనులో ఆ వివరాలు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివాడు. పట్నాయక్ పేరు దగ్గర వేలు పెట్టి తృప్తిగా తలూపాడు. తర్వాత వేలితో తెరను పైకి తోశాడు. ఇంకాస్త తోశాడు.

"డప్పులు వాయించినోళ్ళ పేర్లేవిరా?"

2012లో మన కాపీరైటు చట్టం సవరించారనీ, రచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీ హక్కు గట్టిపడిందనీ, గాయకులు కూడా సంఘం పెట్టుకుని వసూలు చేసుకుంటున్నారనీ ఏదో చెప్పబోయాను. మావయ్య ఫోను నా చేతికిచ్చేశాడు.

"సరేలే... ఆ క్లైడు గారిది మళ్ళీ పెట్టు."